ప్యాటర్న్ లేకుండా పోత: ఇసుక బ్లాకును సీఎన్‌సీ మీద చెక్కి మోల్డు, కోరు చేసుకోవడం ఎలా?

ఎత్తిపోతల పంపు కేసింగ్ పగిలింది. ఇరవై ఏళ్ల కిందటి మోడల్ కాబట్టి స్పేర్ దొరకదు. ప్యాటర్న్, అంటే ఇసుకలో అచ్చు దించే నమూనా, ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పొలాలకు నీళ్లు ఆగిపోయాయి, కావాల్సింది ఒకే ఒక్క పీసు. ఇలాంటి పనికి చెక్క ప్యాటర్న్, దానికో కోర్ బాక్స్ (పోత లోపలి ఖాళీని తెచ్చే ఇసుక ముద్దను, అంటే కోరును, చేసే పెట్టె) చేయించుకుంటూ కూర్చుంటే వారాలు గడిచిపోతాయి. పోత అయ్యాక ఆ చెక్కంతా మూలన పడుతుంది.

దీనికి ఇంకో దారి ఉంది. రెజిన్‌తో గట్టిపడిన ఇసుక బ్లాకును మెషీన్ మీద పెట్టి, కావాల్సిన ఆకారాన్ని నేరుగా ఇసుకలోనే చెక్కేయడం. లోహం పోసే ఆ గుంట ఉన్న ఇసుకే మోల్డు. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఏసీటెక్ అనే సంస్థ ప్రోటోటైప్ పోతలకు ఈ పద్ధతిని వాడుతోంది. మన బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఉన్న చిన్న ఫౌండ్రీ కూడా, పక్క షాపులో పెద్ద సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే చెక్కే మెషీన్) ఉంటే, దీన్ని మొదలుపెట్టవచ్చు. అదే పంపు కేసింగ్‌ను ఉదాహరణగా పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. లోహం ఎఫ్‌జీ 200 గ్రేడు గ్రే ఐరన్ (పోత ఇనుము), బరువు సుమారు 42 కిలోలు, పైనుంచి చూస్తే 500 × 450 మి.మీ.

పది పీసులు దాటే పనికి ప్యాటర్నే మేలు. సన్నటి దారులు ఒకదానిలో ఒకటి మెలికపడే కోర్లకు ఇసుక త్రీడీ ప్రింటింగ్ మేలు. ఒకటి నుంచి నాలుగైదు పీసులు, టూల్ పైనుంచి చేరగలిగే ఆకారాలు అయితే చెక్కడం ఖర్చులోనూ, టైములోనూ గెలుస్తుంది.

ముందు ఒక్క విషయం అర్థం కావాలి: ఇసుక తెగదు, ఊడుతుంది

ఇనుమును మిల్లింగ్ చేస్తే టూల్ అంచు లోహాన్ని కోసి చిప్ తీస్తుంది. ఇసుకలో అలా జరగదు. ఇసుక గింజ అంటే క్వార్ట్జ్, మోస్ స్కేలు మీద కాఠిన్యం 7. దాన్ని టూల్ కోయలేదు. గింజకూ గింజకూ మధ్య రెజిన్ కట్టిన చిన్న చిన్న వంతెనలను టూల్ విరగ్గొడుతుంది, గింజలు ఊడి రాలిపోతాయి.

ఈ పనిలో వచ్చే ప్రతి ఇబ్బందీ ఇక్కడినుంచే మొదలవుతుంది. టూల్ ఎందుకు అంత త్వరగా అరుగుతుంది? గింజలు దాన్ని గరుకు కాగితంలా రుద్దుతాయి కాబట్టి. అంచులు ఎందుకు పెళ్లలుగా రాలతాయి? చివరి వరుస గింజలకు వెనకాల పట్టుకునే దిక్కు ఉండదు కాబట్టి. ఫినిష్ ఎందుకు ఒక హద్దు దాటి నునుపు కాదు? గింజ సైజు కంటే చిన్న మెట్టును ఇసుకలో చెక్కలేం కాబట్టి. అందుకే నేను అందరికీ ముందు చెప్పేది, మెషీన్ కంటే బ్లాకు ముఖ్యమని. బ్లాకు లోపల వదులుగా ఉంటే ఎంత ఖరీదైన మెషీన్ అయినా ఏమీ చేయలేదు.

బ్లాకు పోయడం

ఇసుక ఏఎఫ్‌ఎస్ నంబరు (గింజ ఎంత సన్నమో చెప్పే అంకె) 50 నుంచి 60 మధ్య ఉండాలి, అంటే సగటు గింజ పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ. నెల్లూరు వైపు గూడూరు సిలికా ఇసుక మన ప్రాంతంలో పేరున్నదే. ఏది తెచ్చినా కడిగింది, ఎండింది, మట్టి లేనిది కావాలి. మట్టి ఉంటే రెజిన్‌ను అదే తాగేస్తుంది.

గింజలను అతికించే బైండర్ విషయానికి వస్తే, చెక్కే పనికి ఫ్యూరాన్ నో-బేక్ (కాల్చకుండానే క్యాటలిస్ట్‌తో గట్టిపడే రెజిన్) నాకు బాగా కుదిరింది. ఫినాలిక్ యురేథేన్ కూడా పనికొస్తుంది, తేమ తగలకుండా చూసుకోవాలి. సోడియం సిలికేట్‌తో కార్బన్ డయాక్సైడ్ పెట్టి చేసే బ్లాకు చౌక, పొగ తక్కువ. కానీ పోత తర్వాత కోరు లోపలే బండలా ఉండిపోయి రాలదు. వానాకాలంలో నిల్వ ఉంచితే బలం కూడా తగ్గుతుంది.

మన కేసింగ్‌కు పైసగం (కోప్) ఒక బ్లాకు, కిందిసగం (డ్రాగ్) ఒక బ్లాకు, ఒక్కొక్కటి 650 × 650 × 200 మి.మీ. కోర్ల కోసం చిన్న బ్లాకులు రెండు. 650 బ్లాకు ఒక్కదానికే సుమారు 135 కిలోల ఇసుక పడుతుంది. రెజిన్ ఇసుక బరువులో 1 శాతం, అంటే 1.35 కిలోలు. యాసిడ్ క్యాటలిస్ట్ రెజిన్ బరువులో 40 శాతం అనుకుంటే 540 గ్రాములు. ఏప్రిల్, మే నెలల్లో ఇసుకే 40 డిగ్రీలు ఉంటుంది. అప్పుడు క్యాటలిస్ట్ తగ్గించకపోతే పెట్టెలో నింపేలోపే బిగుసుకుంటుంది. చలికాలంలోనూ, ముసురు పట్టినప్పుడూ ఆరడం ఆలస్యమవుతుంది.

కలిపే వరుస: ముందు ఇసుకలో క్యాటలిస్ట్ వేసి బాగా తిప్పాలి, ఆ తర్వాతే రెజిన్. ఈ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయకూడదు. విపరీతమైన వేడి పుట్టి పేలిపోతుంది. ఒకే మగ్గుతో రెండూ కొలవడం కూడా వద్దు. మా దగ్గర క్యాటలిస్ట్ మగ్గు ఎరుపు, రెజిన్ మగ్గు నీలం, రెండూ రెండు వేర్వేరు గోడలకు వేలాడుతుంటాయి.

నింపేటప్పుడు ఒక్కసారిగా కుమ్మరించకుండా నాలుగు వేళ్ల మందం చొప్పున పొరలు వేస్తూ, ప్రతి పొరనూ దిమ్మిసతో కుదించాలి. మూలలు చేత్తో నొక్కాలి. పొర ఆరిపోయాక ఇంకో పొర వేస్తే మధ్యలో అతుకు పడుతుంది, చెక్కేటప్పుడు సరిగ్గా అక్కడే పెచ్చు లేస్తుంది. ఎత్తడానికి వీలుగా పక్కల్లో ఇనుప కొక్కేలు ఇప్పుడే పాతాలి. తర్వాత గుర్తొచ్చినా లాభం లేదు.

అంచులు బాగా నిలుస్తాయని రెజిన్ ఒకటిన్నర, రెండు శాతానికి పెంచేవాళ్లున్నారు. నేను వద్దంటాను. ఎక్కువ రెజిన్ అంటే పోతలో ఎక్కువ గ్యాస్. అంచు నిలిచినా కేసింగ్ నిండా బ్లో హోల్స్ (గ్యాస్ బుడగల గుంటలు) వస్తాయి. అంచు కావాలంటే గింజ సన్నం చేయండి, కుదింపు పెంచండి.

ఆరనివ్వడం

ఇరవై నాలుగు గంటలు. పైన చేత్తో తడితే రాయిలా ఉంటుంది, అయినా లోపల ఇంకా పచ్చిగా ఉండొచ్చు. ఒకసారి కస్టమర్ ఒత్తిడికి లొంగి ఆరో గంటకే కోరు బ్లాకును మెషీన్ మీదికి ఎక్కించాను. రఫింగ్ (మొదటి మోటు కోత) బాగానే అయ్యింది. వల్యూట్ (కేసింగ్ లోపల నీళ్లు తిరిగే నత్తగుల్ల ఆకారపు దారి) మొదలయ్యే చోట కోరు తోకలా సన్నగా ఉంటుంది. ఫినిషింగ్ టూల్ అక్కడికి రాగానే అరచేతి మందం ముక్క ఊడి, తడి బెల్లంలా పొడిపొడిగా రాలింది. ముక్కును దగ్గరపెడితే లోపలినుంచి ఘాటైన రెజిన్ వాసన. ఆ రోజు పోయింది, బ్లాకు పోయింది.

అప్పటినుంచి నేను చేసే పరీక్ష ఒకటే. బ్లాకులో చెక్కి పారేయబోయే చోట పది మిల్లీమీటర్ల డ్రిల్లుతో లోతుగా ఒక రంధ్రం వేస్తాను. అడుగునుంచి వచ్చే పొడి చేతిలో జలజలా జారితే ఆరినట్టు. ఉండ కట్టినా, వేళ్లకు అంటుకున్నా ఇంకా ఆగాలి.

డ్రాయింగ్‌ను ఇసుకకు తగ్గట్టు మార్చడం

పగిలిన కేసింగ్‌ను స్కాన్ చేసో, కొలిచో త్రీడీ మోడల్ చేసుకున్నాక, దాన్ని అలాగే చెక్కేయకూడదు.

సంకోచం: పోసిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి గ్రే ఐరన్‌కు కొలతలు 1 శాతం పెంచుతాం. అల్యూమినియం అయితే 1.3 దగ్గర, స్టీల్ అయితే 2 దగ్గర. మెషీనింగ్ వచ్చే ఫ్లాంజ్ ముఖాలకు 3 నుంచి 4 మి.మీ. అదనం.

డ్రాఫ్ట్: ప్యాటర్న్‌ను ఇసుకలోంచి పైకి లాగే పనే లేదు కాబట్టి గోడలకు వాలు అక్కర్లేదు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఇదే, గోడ మందం పైనుంచి కిందిదాకా ఒకేలా వస్తుంది. కానీ కోర్ ప్రింట్లకు (మోల్డులో కోరు చివరలు కూర్చునే గూళ్లకు) మాత్రం ఒకటి రెండు డిగ్రీల వాలు ఉంచండి. కోరును కూర్చోబెట్టాల్సింది చేతులే, నిట్టనిలువు గోడల మధ్య దించితే అంచు రాసుకుని ఇసుక రాలుతుంది.

మూలల దగ్గర చాలామంది తికమకపడతారు. మోల్డులో లోపలి మూల, పోతలో బయటి అంచు అవుతుంది. అక్కడ టూల్ గుండ్రదనం దానంతటదే వచ్చేస్తుంది. మోల్డులో బయటికి పొడుచుకొచ్చిన అంచు, పోతలో లోపలి మూల అవుతుంది. అక్కడ మీరు ఫిల్లెట్ (గుండ్రదనం) గీయకపోతే ఇసుక కత్తి అంచులా నిలుస్తుంది. లోహం తగలగానే ఆ అంచు కొట్టుకుపోయి ఇసుక కేసింగ్‌లో చేరుతుంది, నిలబడితే ఆ మూలలో పగులు పడుతుంది. అందుకే పొడుచుకొచ్చిన ప్రతి అంచుకూ కనీసం 3 మి.మీ. రేడియస్ ఇవ్వండి.

ఎక్కడ విడగొట్టాలి: డిశ్చార్జ్ పైపు మధ్యగీత మీదుగా, షాఫ్ట్‌కు అడ్డంగా కోస్తే కోప్, డ్రాగ్ రెండూ పైనుంచి టూల్ చేరేలా వస్తాయి. మూడు యాక్సిస్ మెషీన్ సరిపోతుంది. నీళ్లు తిరిగే వల్యూట్ దారి కోరు. దాన్ని కూడా అదే గీత మీద రెండు సగాలు చేసి అతికిస్తాం. ప్రింట్లు మూడు చోట్ల వస్తాయి: సక్షన్ వైపు, వెనక కవర్ వైపు, డిశ్చార్జ్ ఫ్లాంజ్ బయట.

కోరుకూ ప్రింటుకూ మధ్య ఒక్కో పక్క 0.4 మి.మీ. ఖాళీ ఉంచండి. పూత వేశాక అందులో సగం నిండిపోతుంది. డ్రాగ్ ముఖం మీద నాలుగు చోట్ల శంకువు ఆకారపు బొడిపెలు, కోప్‌లో వాటికి సరిపడే గుంటలు చెక్కుకుంటే రెండు సగాలూ తప్పకుండా కూర్చుంటాయి. ఒక బొడిపెను కావాలనే పక్కకు జరపండి, అప్పుడు కోప్‌ను తిప్పి పెట్టడం ఎవరి వల్లా కాదు.

గేటింగ్ (లోహం గుంటలోకి వెళ్లే దారులు) కూడా ఇదే మోడల్‌లో గీసేయాలి. రన్నర్లు (లోహం పారే కాలువలు), రైజర్లతో (కుంచించుకునేటప్పుడు లోహాన్ని అందించే నిల్వలు) కలిపి 55 కిలోలు పోయాలి, 15 సెకన్లలో నిండాలి, పై నుంచి లోహం ఎత్తు సగటున 200 మి.మీ. అనుకుందాం. ఆ ఎత్తు నుంచి లోహం సెకనుకు దాదాపు 2 మీటర్ల వేగంతో దిగుతుంది. రాపిడి వగైరాలకు దాన్ని సగం చేస్తే, చోక్ (దారిలో అన్నిటికంటే ఇరుకైన చోటు) వైశాల్యం 5.4 చదరపు సెం.మీ. వస్తుంది. రన్నర్‌లో ఫిల్టర్ కూర్చునే గూడు కూడా చెక్కేయండి. చెక్కిన మోల్డులో ఎంత ఊదినా కొన్ని వదులు గింజలు మిగులుతాయి.

మెషీన్, టూల్

మంచి మెటల్ వీఎంసీ (లోహాన్ని కోసే సీఎన్‌సీ మెషీన్) మీద ఇసుక చెక్కడానికి ఎవరైనా పిలిస్తే వద్దని చెప్పండి. ఆ పొడి గైడ్‌వేల్లోకి, బాల్ స్క్రూల్లోకి వెళ్తే మెషీన్ ఆయుష్షు సగమవుతుంది. ఈ పనికి వేరే రౌటర్ ఉంచాలి. గైడ్లకు బెలోస్ కవర్లు, స్పిండిల్ ముక్కులోంచి ఎప్పుడూ బయటికి వీచే గాలి, టూల్ పక్కనే డస్ట్ పీల్చే గొట్టం ఉండాలి. కూలెంట్ చుక్క కూడా వద్దు. నీరో, నూనెనో పీల్చుకున్న ఇసుక మీద కరిగిన ఇనుము పడితే ఏమవుతుందో ఫౌండ్రీలో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

పీసీడీ అంటే వజ్రపు పొడి అంచున్న టూల్ ఖరీదైనదే, కానీ నిలుస్తుంది. కార్బైడ్‌తో ఒకటి రెండు పనులు చేసుకోవచ్చు. అయితే గంటకోసారి ఆపి మైక్రోమీటర్‌తో టూల్ కొలవాలి. ఎందుకంటే అరిగిన టూల్ మోల్డు గుంటను చిన్నది చేస్తుంది, కోరును లావు చేస్తుంది. రెండూ కలిసి కేసింగ్ గోడనే తింటాయి. వ్యాసంలో 0.6 అరిగితే ఒక్కో పక్క 0.3, కోరు వైపూ మోల్డు వైపూ కలిపి గోడ 0.6 మి.మీ. పలచబడుతుంది. గుంటే చూసుకున్నా, కోరే చూసుకున్నా ఇది కంటికి కనిపించదు, గోడ మందం కొలిస్తేనే తెలుస్తుంది.

చెక్కడం

1. బెడ్ మీద మందపాటి ప్లైవుడ్ పరిచి, మూడు పక్కలా అడ్డుకట్టలు బిగించి బ్లాకును కూర్చోబెట్టండి. కోత బలం తక్కువ కాబట్టి పెద్ద బ్లాకు తన బరువుతోనే నిలుస్తుంది. వైస్‌లో బిగిస్తే నెర్రెలిస్తుంది.

2. పై ముఖాన్ని ఒక పొర తీసి చదును చేయండి. ఆ చదునే మీ సున్నా. కోరు సగాలకైతే ముందు అతికే ముఖాన్ని చదును చేసి, తిరగేసి, ఆ ముఖం మీదే కూర్చోబెట్టి వల్యూట్ ఆకారం చెక్కాలి. తిరగేసినప్పుడు స్థానం తప్పకుండా ముందే రెండు గైడ్ రంధ్రాలు వేసుకోండి.

3. రఫింగ్‌కు 20 మి.మీ. టూల్, 4000 ఆర్పీఎం, నిమిషానికి 4 మీటర్ల ఫీడ్, 15 మి.మీ. లోతు. ఇవి నేను మొదలుపెట్టే అంకెలు, మీ బ్లాకును బట్టి సర్దుకోండి. ఫీడ్ మరీ తగ్గించకండి. నెమ్మదిగా పోతే అంచు ఇసుకను రుద్దుతూ ఉంటుంది, టూల్ ఇంకా త్వరగా పోతుంది. ఫినిషింగ్‌కు అరమిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వదలండి.

4. ఫినిషింగ్‌కు 10 లేదా 12 మి.మీ. బాల్‌నోజ్ (గుండ్రటి ముక్కున్న టూల్), పాసుకు పాసుకు మధ్య 0.6 నుంచి 0.8 మి.మీ. అంతకంటే దగ్గరగా వేసినా గింజ సైజు వల్ల లాభం కనిపించదు, టైము మాత్రం రెట్టింపవుతుంది.

5. అంచుల దగ్గర టూల్ పళ్లు బయటినుంచి బ్లాకు లోపలికి కొట్టాలి. లోపలినుంచి బయటికి కొడితే ఆ చివరి గింజలకు ఆసరా లేక పెచ్చు ఊడుతుంది. ప్రోగ్రాం రాసేటప్పుడే అంచు దగ్గరి దారులను విడిగా చూసుకోండి. చెక్కేటప్పుడు వచ్చే చప్పుడు కూడా వినండి. బాగా ఆరిన బ్లాకు ఒకే తీరున బరబరమంటుంది. ఉన్నట్టుండి చప్పుడు బోలుగా మారితే అక్కడ కుదింపు సరిగా లేదు.

6. కోరును చుట్టూ ఉన్న ఇసుకనుంచి చివర్లో విడదీయండి. అది పూర్తయ్యేదాకా చుట్టూ నాలుగు చోట్ల రెండు వేళ్ల వెడల్పు వంతెనలు వదిలి, ఆ తర్వాత రంపపు బ్లేడుతో చేత్తో కోయండి.

దుమ్ము గురించి సీరియస్‌గా

మామూలు ఫౌండ్రీ పని కంటే చెక్కే పనిలో సన్నటి సిలికా దుమ్ము ఎక్కువ లేస్తుంది. కంటికి కనిపించే ఇసుకతో ప్రమాదం తక్కువ. కనిపించని పొడే ఊపిరితిత్తుల అడుగుకు చేరి సిలికోసిస్ తెస్తుంది. దానికి మందు లేదు. అమెరికాలో కార్మిక భద్రతా సంస్థ ఓషా ఎనిమిది గంటల షిఫ్టుకు పెట్టిన హద్దు, ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములు. అంటే కంటికి ఏమీ కనిపించని గాలి కూడా హద్దు దాటి ఉండొచ్చు. మన దేశ చట్టం ప్రకారం కూడా సిలికోసిస్, వస్తే తప్పనిసరిగా అధికారులకు తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉంది.

మెషీన్ చుట్టూ మూసిన గది, హెపా ఫిల్టర్ ఉన్న డస్ట్ కలెక్టర్, ముఖానికి గట్టిగా పట్టే పీ100 మాస్క్. చేతిరుమాలు కట్టుకుంటే సరిపోదు. చీపురుతో ఊడవొద్దు, ఎయిర్ గన్‌తో బట్టలు దులుపుకోవద్దు, వ్యాక్యూమ్ వాడండి. పని చేసిన బట్టలతో ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకోవద్దని మా కుర్రాళ్లకు రోజూ చెబుతాను.

అతికించడం, పూత, మూత

కోరు సగాల అతుకు ముఖాల మీద వేలు పట్టేంత గాడి ఒకటి మధ్యగా చెక్కి, దాన్ని ప్రింట్ల దాకా తెచ్చి బయటికి వదలండి. కోరులో పుట్టే గ్యాస్‌కు అదే దారి. కోర్ పేస్ట్‌ను గాడికి దూరంగా సన్నటి గీతలా వేసి రెండు సగాలూ నొక్కాలి. పేస్ట్ గాడిలోకి పొంగితే దారి మూసుకుపోయి, గ్యాస్ లోహంలోకి బుడగలుగా వస్తుంది. అతుకు గీతను బయటినుంచి కూడా పేస్ట్‌తో పూడ్చి నునుపు చేయండి.

చెక్కిన ఇసుక ముఖం కాస్త గరుకుగా, గింజలు విప్పారినట్టు ఉంటుంది. అందుకే పూత తప్పనిసరి. గ్రే ఐరన్‌కు ఆల్కహాల్‌లో కలిపిన జిర్కాన్ లేదా గ్రాఫైట్ పూత రెండు సార్లు బ్రష్‌తో వేసి, ప్రతిసారీ నిప్పంటించి ఆరబెట్టాలి. మొత్తం మందం 0.2, 0.3 మి.మీ. చాలు. నిప్పంటించేటప్పుడు ఆల్కహాల్ డబ్బా ఆ గదిలో ఉండకూడదు.

కోరును దించే ముందు మోల్డును వ్యాక్యూమ్‌తో శుభ్రం చేసి, కోరు నాలుగు పక్కలా గోడ మందం ఎంత వస్తుందో మట్టి ఉండలు పెట్టి చూడండి. కోప్ వేసి, తీసి, నలిగిన ఉండలను వెర్నియర్‌తో కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది. పాత పద్ధతే, కానీ ఒక్కసారి కూడా నన్ను మోసం చేయలేదు.

పోసేటప్పుడు లోహం కోప్‌ను పైకి ఎత్తుతుంది. ఎంతో లెక్కవేద్దాం. గుంట వైశాల్యం 0.16 చదరపు మీటర్లు, పోత గిన్నె పైదాకా ఎత్తు 0.25 మీటర్లు, కరిగిన ఇనుము ఘనపు మీటరుకు 6900 కిలోలు: గుణిస్తే 276 కిలోలు. దీనికి తోడు 8 లీటర్ల కోరు లోహంలో తేలాలని చూస్తుంది, దాని సొంత బరువు పోను అదింకో 42. మొత్తం 318. ఒకటిన్నర రెట్లు భద్రత తీసుకుంటే 477. కోప్ బరువు 110 తీసేస్తే, పైన ఇంకా 370 కిలోల దిమ్మెలు పెట్టాలి. అందాజాగా రెండు దిమ్మెలు పెట్టేసి పోస్తే కోప్ లేచి, అతుకు గీత నుంచి ఇనుము బయటికి చిమ్ముతుంది. అక్కడ కాళ్లు ఉండేది మనుషులవి.

1350 నుంచి 1380 డిగ్రీల మధ్య, ధార తెగకుండా, పోత గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండేలా పోయండి. గ్యాస్ దారుల దగ్గర మంట పట్టి వెలుగుతుంటే గ్యాస్ సరిగానే బయటికి పోతున్నట్టు.

విప్పాక

మరుసటి రోజు పొద్దున విప్పుతాం. ఫ్యూరాన్ కోరు వేడికి బలం చచ్చి, సుత్తితో రెండు దెబ్బలు వేస్తే డిశ్చార్జ్ నోట్లోంచి నల్లటి ఇసుకగా కారిపోతుంది. ఫెట్లింగ్ (అదనపు లోహం, ఇసుక తీసి శుభ్రం చేయడం) అయ్యాక అల్ట్రాసోనిక్ గేజ్‌తో వల్యూట్ చుట్టూ పన్నెండు చోట్ల మందం కొలిచి, ఫ్లాంజ్‌ల మధ్య దూరం కొలిచి, నిజంగా ఎంత సంకోచించిందో రాసుకోండి. అన్ని దిక్కులా ఒకేలా ఉండదు, కోరు అడ్డున్న చోట లోహం తక్కువ కుంచించుకుపోతుంది. మా రిజిస్టర్‌లో ఈ కేసింగ్ పేజీలో అడ్డంగా 1.0, కోరు పొడవునా 0.8 అని ఉంది. అదే పంపుకు రెండో కేసింగ్ ఆర్డర్ వచ్చినప్పుడు ఆ రెండు అంకెలతోనే మోడల్ సరిచేసి, బ్లాకులు పోశాం.